కొంగలు వెంటపడిన జీపు

విమానాశ్రయంలో ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. సామాన్లు మోసేవాళ్ళకీ, ఫైరింజన్ డ్రైవరుకీ, టీ కొట్టు ఆవిడకీ, ఆఖరికి మేనేజరుగారికి కూడా ఆయన హుష్ బాబాయే. రన్‌వే మీదికి పిట్టన్నది రాకుండా చూడటం ఆయన ఉద్యోగం. తెల్లారగానే పాత జీపెక్కి, రన్‌వే పక్క గడ్డిలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరుగుతూ, హారన్ కొట్టి, విజిల్ ఊది, అప్పటికీ మాట వినని వాటికి ఒక టపాకాయ పేల్చి వస్తాడు. మధ్యాహ్నం మళ్ళీ. ఎండ వాలాక మళ్ళీ.

"పిట్టెంత, విమానమెంత బాబాయ్? దానికింత హడావిడా?" అని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. అలా అడిగినవాళ్ళంటే ఆయనకి ఇష్టం.

"చీమెంత, ఏనుగెంత? తొండంలో దూరితే తెలుస్తుంది. ఇంజనంటే విమానానికి ముక్కు. గాలి పీలుస్తుంది. పీల్చేటప్పుడు అది గాలా, కొంగా అని చూసుకునే తీరిక దానికెక్కడిది?"

ఆయన చేరిన కొత్తలో అక్కడ విమానాశ్రయం అనదగ్గది పెద్దగా ఏమీ లేదు. రేకుల కప్పు హాలు ఒకటి, అందులో కొట్టువాళ్ళ దగ్గర ఉండేలాంటి తూకం యంత్రం ఒకటి. పొద్దున ఒక చిన్న విమానం వచ్చేది, సాయంత్రం అదే వెనక్కి పోయేది. అప్పట్లో ఆయన చేతిలో ఉన్నది సైకిలు. విమానం వస్తోందని గంట కొట్టగానే సైకిలెక్కి రన్‌వే మీద పడుకున్న ఆవుల్నీ, కుక్కల్నీ అదిలించి రావాలి. ఒకసారి ఒక ముసలి గేదె ఎంతకీ లేవకపోతే, దాని పక్కనే నిలబడి పైనున్న విమానానికి తువ్వాలు ఊపాడట. పైలట్ ఇంకో చుట్టు తిరిగొచ్చి దిగి, "గేదెగారికి నా నమస్కారాలు చెప్పు" అన్నాడట.

ఆ తర్వాత ఊరు పెరిగింది, ఊరికంటే వేగంగా విమానాశ్రయం పెరిగింది. అడ్డంగా ఉన్న చిన్న గుట్టని చదును చేసి రన్‌వే పొడిగించారు. రేకుల హాలు పోయి అద్దాల భవనం లేచింది. విమానం పక్కకి వచ్చి ఏనుగు తొండంలా తలుపుకి అతుక్కునే వంతెనలొచ్చాయి. పాస్‌పోర్టులు చూసే వరసలు, పెట్టెలు తమంతట తాము తిరిగొచ్చే పట్టాలు, నాలుగైదు దేశాల భాషల్లో మాట్లాడే మైకులు వచ్చాయి. ఒక విమానం దిగిన వేడి చల్లారకముందే ఇంకొకటి వరసలో నిలబడేది. బాబాయికి సైకిలు పోయి జీపొచ్చింది.

ఆ జీపంటే ఆయనకి ప్రాణం. పసుపు రంగు, నెత్తిన తిరిగే దీపం, వెనక గళ్ళ జెండా. ఎడమవైపు తలుపు తీగతో కట్టి ఉంటుంది. బండికున్న ఒకే ఒక్క పక్క అద్దం, అటువైపుదే, ఎప్పుడో విరిగిపోయింది. లోపలి అద్దాన్ని ఆయన ఆకాశంకేసి తిప్పి పెట్టుకున్నాడు. వెనక నుంచి వచ్చే విమానం ముందే కనిపిస్తే దారిచ్చి తప్పుకోవచ్చు కదా! టవర్ వాళ్ళ రేడియోలో ఆయన్ని పిలిచే పేరు "జీపు ఒకటి". రెండో జీపు ఆ విమానాశ్రయానికి ఎన్నడూ రాలేదు.

"ఆ డొక్కు జీపుని తుడిచినంత ముచ్చటగా ఒక్కసారి మన కిటికీలు తుడిస్తే, మీ విమానాలు నాకూ కనిపించేవి," అనేది భార్య.

ఆవిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని విమానాశ్రయం వాళ్ళ యూనిఫారాలు సరిచేసేది. ఎవరు బక్కచిక్కారో, ఎవరు ఒళ్ళు చేశారో ఆవిడ టేపుకి తెలుసు. "రన్‌వే ఒక్కటే పొడిగించారనుకుంటున్నారా? మేనేజరుగారి ప్యాంటు కూడా ఏటేటా పొడిగిస్తూనే ఉన్నాను. కాకపోతే అడ్డంగా," అని నవ్వేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కొంగలు ఎక్కువయ్యాయి. పశువుల మధ్య తిరిగే చిన్న తెల్లకొంగలు. ఒక విమానం దిగబోయి, ఎదురుగా కొంగల గుంపు లేవడంతో మళ్ళీ పైకి లేచిపోయింది. ఇంకో విమానానికి రెక్క అంచు సొట్టపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మర్నాడే మేనేజరుగారు బాబాయిని పిలిపించారు.

"కూర్చోండి బాబాయ్. సముద్రాలు దాటే పెద్ద విమానం మన దగ్గరికి రావడానికి ఒప్పుకుంది. తనిఖీ చేసేవాళ్ళు ఇంకో మూడు వారాల్లో ఆ విమానంలోనే వచ్చి దిగుతారు. వాళ్ళ ముందు కొంగలు లేస్తే ఆ విమానం పక్క ఊరికి పోతుంది."

"లేవనివ్వను సార్."

"ఈ మాట పోయిన నెల కూడా అన్నారు." మేనేజరుగారు బల్ల మీది కాగితాలు సర్దారు. "తగ్గకపోతే ఈ పని బయట కంపెనీకి ఇవ్వక తప్పదు. వాళ్ళ దగ్గర డేగల్లా అరిచే యంత్రాలున్నాయట. మీ ఉద్యోగానికేమీ ఢోకా లేదు. పార్కింగ్ గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను. నీడ కూడా ఉంటుంది."

నీడ సంగతి బాబాయి చెవికెక్కలేదు. ఇన్నేళ్ళుగా విమానాల చక్రాలు నేల తాకే చోటికి అంత దగ్గరగా నిలబడ్డ మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. ఆయన్ని తీసుకెళ్ళి కార్ల మధ్య కుర్చీలో కూర్చోబెడతారట.

"కార్లని హుష్ అంటే పోతాయా చెప్పు?" అన్నాడు ఇంటికొచ్చి.

"హారన్ కొడితే పోతాయి. అది మీకు కొత్తా?" అంది భార్య. ఆయన మొహం చూసి మిషను ఆపేసింది.

ఆ రోజు నుంచి ఆయన చుట్లు పెంచాడు. మూడు పూటల పని అయిదు పూటలయింది. గడ్డిలో జీపు చాళ్ళు పడిపోయాయి. అయినా మందు వేసినకొద్దీ రోగం ముదిరినట్టు, కొంగలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఆయనకి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. ఇవి ఎందుకొస్తున్నాయి? ఏం చూసి వస్తున్నాయి? పనయ్యాక చుట్టుపక్కలంతా వెతకడం మొదలుపెట్టాడు. క్యాంటీను వెనక చెత్తడబ్బాల మూతలు తీసి చూశాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. మురుగుకాలవ శుభ్రం చేసేవాడితో పాటు కాలవ పొడవునా నడిచాడు. కంచె అవతల మాంసం కొట్టు ముందు ఒక పూటంతా నిలబడితే, కొట్టువాడు "కొంటావా, కాపలా కాస్తున్నావా?" అని అడిగాడు. ఎక్కడా కొంగలకి పనికొచ్చేదేమీ కనబడలేదు.

అలాంటి సమయంలో జీపు క్లచ్చి పోయింది.

జీపు షెడ్డుకెళ్ళడంతో మేనేజరుగారు బాబాయిని బైనాక్యులర్స్ ఇచ్చి టవర్ ఎక్కించారు. పై నుంచి కొంగలెక్కడ వాలాయో చెబితే ఫైరింజన్ వాళ్ళు తారురోడ్డు మీది నుంచే సైరన్ మోగిస్తారు. అన్నేళ్ళ కొలువులో ఆయన టవర్ ఎక్కడం అదే మొదటిసారి. పైన కూర్చుని రేడియోలో విమానాలకి దారి చెప్పే టవరమ్మ గొంతు ఆయనకి ఇంట్లో గొంతంత పరిచయం. "జీపు ఒకటి, పక్కకి తప్పుకోండి" అని రోజూ వినే ఆ గంభీరమైన గొంతుకి ఆయన మనసులో ఒక నిలువెత్తు మనిషిని కట్టుకున్నాడు. తీరా చూస్తే, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి అందని మనిషి.

"నువ్వేనా అమ్మా?" అన్నాడు.

"నేనే బాబాయ్! మీరూ ఇంత సన్నగా ఉంటారనుకోలేదు. ఆ హారన్ మోత విని ఎవరో వస్తాదు అనుకున్నాను."

ఆ రోజంతా ఆయన కళ్ళు కాయలు కాసేలా చూశాడు. పై నుంచి రన్‌వే పరిచిన చాపలా ఉంది. విమానాలు వచ్చాయి, పోయాయి. ఒకటి రెండు కొంగలు ఎటో పోతూ పోతూ దాటాయి. గడ్డిలో వాలింది ఒక్కటీ లేదు. మర్నాడూ అంతే. ఫైరింజన్ డ్రైవరు సైరన్ మోగించే పని లేక కునికిపాట్లు పడ్డాడు.

"చూశావా? ఇన్నాళ్ళు పెట్టిన భయం. జీపు లేకపోయినా భయం ఉంది," అన్నాడు బాబాయి ఇంట్లో, కాస్త ఛాతీ విరుచుకుని.

భార్య దారం కొరుకుతూ, "భయమో పాడో. మీరు రాకపోతే అవి మాత్రం ఎవరికోసం వస్తాయి పాపం?" అంది.

ఎగతాళికన్న మాటే. కానీ అది కాల్లో విరిగిన ముల్లులా లోపలే ఉండిపోయింది. అన్నం తింటున్నా, పడుకున్నా అదే పోటు.

మూడో రోజు జీపు బాగుపడింది. బాబాయి ఇంకా టవర్ మీదే ఉండగా, నడక సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఫైరింజన్ డ్రైవరు దాన్ని గడ్డిలోకి దింపాడు. సరదాకి బాబాయిలాగే హారన్ కొట్టాడు.

ముందు కంచె అవతలి తుమ్మచెట్టు మీద ఏదో తెల్లగా కదిలింది. తర్వాత వాగు వైపు నుంచి నాలుగు. ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో, ఎవరో కబురంపినట్టు గుంపులుగా వచ్చాయి. అన్నీ వచ్చి జీపు వెనక దిగాయి. జీపు ముందుకు పోతే అవి గబగబా నడిచాయి. వెనకబడ్డవి ఎగిరి ముందు వరసలో వాలాయి. పసుపు జీపు వెనక తెల్ల జరీ అంచులా కొంగలు.

బాబాయి బైనాక్యులర్స్ దించి, కళ్ళు నులుముకుని, మళ్ళీ ఎత్తాడు. టవరమ్మ మాత్రం మామూలుగా, "హమ్మయ్య, మళ్ళీ మొదలయ్యాయి. రెండ్రోజుల నుంచి ఏదో వెలితిగా ఉంది," అంది.

"మళ్ళీ అంటే? ఇది రోజూ ఇలాగే ఉంటుందా?"

"రోజూ ఇంతేగా బాబాయ్. మీరు తరుముతున్నారు అనుకునేదాన్ని." ఆవిడ కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది. "కానీ... తరిమేవాడు వెనక ఉండాలి కదా. మీరెప్పుడూ ముందుంటారు."

ఆయన గబగబా మెట్లు దిగాడు. అనుమతి అడిగి, విమానాలు లేని వేళ చూసుకుని జీపు చాళ్ళలోకి నడిచాడు. కాలితో గడ్డిని ఒక్క తాపు తన్నాడు. నిప్పురవ్వల్లా మిడతలు లేచాయి. ఇంకో తాపు, ఇంకో గుప్పెడు. చక్రాల కింద పడి కాలు విరిగినవి చాళ్ళలోనే గిలగిలలాడుతున్నాయి. కొంగలకి వెతుక్కునే పని కూడా లేదు, వడ్డించిన విస్తరి! హారన్ కొట్టి మరీ భోజనానికి పిలుస్తున్నాడు తను. ముందున్న పిట్టలు లేస్తుంటే పని జరుగుతోందనుకున్నాడు. అవి ఒక చుట్టు తిరిగి వెనక దిగుతున్నాయని చూడలేదు. ఎలా చూస్తాడు? ఉన్న ఒక్క అద్దం ఆకాశాన్ని చూస్తోంది.

ఇంటికెళ్ళి చెబితే భార్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మీ నాన్న నాగలి పట్టుకుంటే వెనక కొంగలు నడవడం చూస్తూ పెరిగిన మనిషే కదండీ మీరు! మీరే కదా నాకు చెప్పారు, చిన్నప్పుడు వాటితో పోటీపడి నడిచేవాణ్ణని?"

"చెప్పాను."

"మరి జీపెక్కగానే అంతా మర్చిపోయారా?"

ఆయన మిషను చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి, "ఈ సంగతి చెబితే జీపు ఆపేస్తారు. జీపు లేకపోతే ఇంక నాతో ఏం పని? కుర్చీయే," అన్నాడు.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏదో ఒక రోజు ఇంజన్లోకి కొంగ పోతుంది."

"మరి నన్నెందుకు అడుగుతున్నారు?" అని ఆవిడ మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు మేనేజరుగారు అంతా విన్నారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"అంటే బాబాయ్, పిట్టల్ని తోలమని మనం జీతం ఇచ్చి, డీజిల్ పోసి, వాటికి పూటపూటా భోజనం పెడుతున్నామన్నమాట."

"ఇదివరకు మూడు పూటలు సార్. ఈ మధ్య అయిదు."

మేనేజరుగారికి నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వచ్చింది. "నేనూ తక్కువ తినలేదులెండి. గడ్డి కోసే ట్రాక్టర్లని సరిగ్గా విమానాలొచ్చే వేళకే పంపిస్తున్నాను. వాటి వెనకా ఇదే తంతు అయ్యుంటుంది. దాన్ని మారుస్తాను." కుర్చీలో ముందుకి వంగి, "జీపు మాత్రం ఇంక గడ్డిలోకి వద్దు," అన్నారు.

బాబాయి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. అది పెట్టేటప్పుడు కొంచెం ఎక్కువ చప్పుడే అయింది.

పార్కింగ్ గేటు దగ్గర కుర్చీ నిజంగానే నీడలో ఉంది. అక్కడి నుంచి విమానాలు కనిపించవు, మోత మాత్రం వినిపిస్తుంది. మోతని బట్టి ఏది దిగిందో, ఏది లేచిందో పక్కనున్న గేటు మనిషికి చెబుతూ కూర్చున్నాడు. గేటు మనిషి మర్యాదకి ఊఁ కొట్టాడు.

తనిఖీకి ఒక్కరోజుందనగా పొద్దున్నే ఫైరింజన్ డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, తొందరగా రా. నీ చుట్టాలొచ్చారు!"

రన్‌వేకి పక్కనే ఉన్న షెడ్డు ముందు ఆగి ఉంది పసుపు జీపు. దాని చుట్టూ కొంగలు. బానెట్ మీద రెండు, కప్పు మీద ఒకటి. ఆ ఒకటి తిరిగే దీపాన్ని ముక్కుతో టకటకా పొడుస్తోంది, బండి కదలదేం అన్నట్టు. కొన్నాళ్ళుగా తిండి లేదేమో, అన్నీ ఒకే వైపు చూస్తూ ఓపిగ్గా నిలబడ్డాయి. మేనేజరుగారు అప్పటికే అక్కడున్నారు. సైరన్ మోగించారు, టపాకాయ పేల్చారు. లేస్తాయి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి జీపు దగ్గరే వాలతాయి.

"రేపు వాళ్ళొచ్చేసరికి ఇవిక్కడ ఇలాగే ఉంటే మన పని అయిపోయినట్టే. దీన్ని ఇనుము కొట్టుకి లాగించేద్దామా?" అన్నారు మేనేజరుగారు.

బాబాయి కొంగల్ని చూశాడు, జీపుని చూశాడు. ఇన్నేళ్ళూ వాటిని ఎదురుగా చూసి పారిపోతున్నాయనుకున్నాడే గానీ, ఇలా తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. వాటికి కావలసింది రన్‌వే కాదు. జీపు.

"సార్, అవి రన్‌వే కోసం రాలేదు. దీనికోసం వచ్చాయి. ఇదెక్కడికెళ్తే అక్కడికొస్తాయి. వాగు అవతల రెండో రన్‌వేకని తీసుకున్న భూమి ఖాళీగా పడుంది కదా. గడ్డి బాగా లేచింది. విమానాలు అటు పోవు."

"అంత దూరం వస్తాయంటారా?"

"తెలియదు సార్. చూడాలి."

మేనేజరుగారు జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు.

బాబాయి ఎక్కి కూర్చున్నాడు. విమానాల మధ్య ఖాళీ దొరికాక టవరమ్మ సరేనంది. ఆయన ఒక్కసారి హారన్ కొట్టి, తారురోడ్డు మీదే మెల్లగా కదిలాడు. గేటు దాటాక చెయ్యెత్తి, ఆకాశంకేసి ఉన్న అద్దాన్ని కిందికి తిప్పాడు. అద్దం నిండా తెలుపు. తలల మీదుగా, దీపస్తంభాల మీదుగా, కార్ల మీదుగా కొంగలు తేలుతూ వస్తున్నాయి. పార్కింగ్ గేటు మనిషి నోరు తెరిచి చూస్తూ కార్లకి అడ్డంగా ఉన్న గేటు కర్ర పైకెత్తడం మర్చిపోయాడు. వెనక కార్లు హారన్లు మోగించాయి. దానికి మరో నాలుగు కొంగలు వచ్చి కలిశాయి.

తనిఖీ రోజు బాబాయి వాగు అవతలే ఉన్నాడు. ఆ ఖాళీ భూమిలో జీపుతో గుండ్రంగా తిరుగుతున్నాడు, అద్దంలో చూసుకుంటూ. రేడియో పలికింది.

"జీపు ఒకటి, మీవాళ్ళంతా మీ దగ్గరే ఉన్నారా?"

"ఉన్నారమ్మా. ఒకడు కొంచెం అటూ ఇటూ చూస్తున్నాడు. మిడతలు చూపించి కూర్చోబెట్టాను."

"అలాగే పట్టుకోండి. పెద్దది దిగుతోంది."

చాలా దూరంగా చెట్ల మీదుగా అది దిగింది. ఇదివరకైతే దాని చక్రాలు నేల తాకినప్పుడు లేచే పొగ వాసన ఆయన ముక్కుకి తగిలేది. ఇప్పుడు అది నిశ్శబ్దంగా, పిల్లలు విసిరిన కాగితం విమానంలా చెట్ల వెనక్కి జారిపోయింది. ఆయన జీపు ఆపకుండానే మెడ తిప్పి చూశాడు. ఆపితే మిడతలు లేవవు, కొంగలు వేరే దిక్కు చూసుకుంటాయి.

పెద్ద విమానానికి అనుమతి వచ్చింది. దాంతో పాటే డేగల్లా అరిచే యంత్రాల కంపెనీ కూడా వచ్చింది, రన్‌వే పక్క పని వాళ్ళకే ఇచ్చారు. ఇంత పెద్ద విమానానికి ఒక్క జీపుని నమ్ముకుని కూర్చోలేమని మేనేజరుగారు చెప్పారు. బాబాయికి అందులో తప్పేమీ కనిపించలేదు, కానీ ఆ పూట అన్నం సహించలేదు. కుర్చీ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. రోజూ పొద్దున్నే కొంగల్ని వాగు దాటించడం ఇప్పుడు ఆయన ఉద్యోగం. పేరు మారలేదు. ఇన్నాళ్ళూ పొమ్మన్న మనిషి ఇప్పుడు రమ్మంటున్నాడని టీ కొట్టు దగ్గర ఏడిపిస్తారు గానీ, హుష్ బాబాయి హుష్ బాబాయే.

ఒకరోజు ఇంటికొచ్చి మిషను పక్కన కూర్చుని, "ఒకటి చెప్పు. ఆ భూమిలో రెండో రన్‌వే వేశాక వీటినెక్కడికి తీసుకెళ్ళాలంటావు?" అని అడిగాడు.

"వేసినప్పుడు చూద్దురుగాని. అది వేసేలోగా మేనేజరుగారి ప్యాంట్లు ఇంకెన్ని పొడిగించాలో," అంది భార్య.

ఆయన వినలేదు. అవతలి చెరకు తోటల వైపు దారి ఎలా ఉంటుందో చూడాలి అనుకుంటున్నాడు. ఆ ఆదివారం షెడ్డుకెళ్ళి జీపుకి ఎడమవైపు కొత్త అద్దం బిగించాడు. అది కొంగలకి. లోపలి అద్దాన్ని మళ్ళీ ఆకాశంకేసి తిప్పి పెట్టుకున్నాడు.